తెరచాప మీద మోకాలు

మార్గశిర శుద్ధ తదియ

ఇవాళ లేచి నిలబడ్డాను. ఆసుపత్రి పడవ అంచు దాకా నడిచి, కమ్మీ పట్టుకుని మా ఊరి వైపు కాసేపు చూసి వచ్చాను.

డాక్టరమ్మ షాహీన నా మెడలో ఒక బిళ్ళ వేసింది. "కాలు ఎట్లుండాదో అప్పుడప్పుడు దీనికి చెప్తా ఉండమ్మా. అదే రాసుకుంటాది" అంది. నేను నోటికొచ్చిన యాసలో చెబుతుంటే ఇది పుస్తకాల తెలుగులోకి మార్చి రాస్తోంది. ఎవరైనా అన్న మాటల్ని మాత్రం అన్నవి అన్నట్టే ఉంచుతోంది. చదివి వినిపించమంటే, ఎవరో పంతులమ్మ నా మోకాలి గురించి పాఠం చెబుతున్నట్టుంది.

నా పేరు మాణిక్యం. మాది తేలులంక. సముద్రం పైకొచ్చి పాత లంకలు మునిగాక, మా తాతలు తెప్పలు కట్టి, వాటి మీద మట్టి పోసి నిలబెట్టుకున్న ఊరు. నీటి మీద తేలుతుంది కనక ఆ పేరు. డాక్టరమ్మది కడప. కొత్తగా వచ్చినప్పుడు, ఊరి పేరు విని, వారం రోజులు చెప్పులు విదిలించి చూసుకుని మరీ వేసుకుంది, తేళ్ళుంటాయేమోనని.

మోటారు పడవ తిరిగితే ఆ అలకి మా మట్టి మడులు కోసుకుపోతాయి. అందుకే ఇక్కడ ఉన్నవి తెరచాప పడవలూ, కాళ్ళతో తొక్కే పడవలే. నేనూ, మా అన్నయ్య భార్య అచ్చియ్యమ్మ వదినా పక్కపక్కన కూచుని ఒకే పడవ తొక్కుతూ తొక్కుతూ జుట్టు తెల్లబరుచుకున్నాం. జుట్టుతో పాటు మోకాళ్ళూ అరిగాయి. నా కుడి మోకాలు మరీ పాడైంది. ఆసుపత్రి పడవలో ఉన్న మరచేయి అనే కోత యంత్రం అరిగిన ఎముకల చివర్లు చెక్కేసి కొత్త కీలు పెట్టింది. తొడ ఎముకకి పింగాణీ తొడుగు, కింది ఎముక మీద ఒక పళ్ళెం, రెంటికీ మధ్య నున్నటి దిండు. మోకాటి చిప్ప మాత్రం నాదే, పాతదే.

వదిన మధ్యాహ్నం చూడ్డానికొచ్చింది. ఆవిడకి ఎడమ మోకాలు నొప్పి.

"నీది బాగుంటే నేనూ చేయించుకుంటా. లేదంటే ఈ కట్టెలతోనే కాటికి పోతా" అని చెప్పి, నా కోసం తెచ్చిన కమలాపండు తనే తినేసి వెళ్ళింది.

పుష్య శుద్ధ సప్తమి

ఇంటికొచ్చేశాను. మునుపటి నొప్పి లేదు. ఎముకా ఎముకా రాసుకునే ఆ నొప్పి పోయాక, ఇన్నేళ్ళూ దాన్ని ఎలా మోశానా అని ఆశ్చర్యంగా ఉంది. పొద్దున్నే మా ఆయన దొరబాబు చేతికర్ర ఇవ్వబోతే తీసుకోలేదు. మడి గట్టు చివరి దాకా నడిచాను. తోటకూర కోసుకుని నడిచి వచ్చాను. మా ఆయన అది చూసి వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత చూస్తే మాగాయ పెట్టి రొయ్యలు వండుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటంటే ఉల్లిపాయలన్నాడు. ఆ కూరలో ఉల్లిపాయ లేదు.

చూసిపోవడానికి ఊరంతా వస్తోంది. అందరూ నా కాలు ఎంత నిటారుగా ఉందో అని మెచ్చుకుంటున్నారు. మా వంశంలో అందరివీ దొడ్డికాళ్ళు. మా నాన్న నిలబడితే మేకపిల్ల ఆయన కాళ్ళ మధ్యనుంచి దూరి పారిపోయేది. ఇప్పుడు నా ఎడమ కాలు వంపుగానూ కుడి కాలు కర్రలానూ ఉన్నాయి.

వదిన ఒక్కతే మెచ్చుకోలేదు. నా చుట్టూ తిరిగి కాలుని ముందు నుంచీ వెనక నుంచీ చూసింది.

"బాగానే ఉంది కానీ మాణిక్యం, నీ కాలులా లేదే" అంది.

పుష్య బహుళ ద్వాదశి

ఇవాళ పడవెక్కాను.

పొద్దున్నించే ఇద్దరికీ హుషారు. వదిన పీటల మీద మెత్తటి పాత గుడ్డలేవో పరిచింది. గొలుసుకి నూనె పెట్టింది. రేవు దాటే దాకా మెల్లగా తొక్కాం. అంతా బాగుంది. కాలవ మలుపులో ఎదురుగాలి తగిలి, పాదం గట్టిగా నొక్కాల్సి వచ్చింది. కాలు బాగా మడిచి తిరిగి చాచేటప్పుడు మోకాటి చిప్ప బయటి పక్కకి జారింది. జారి, టక్ మని వెనక్కి వచ్చి పడింది. నొప్పి కంటే ముందు భయమేసింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు? గొలుసా?" అంది వదిన.

"గొలుసే" అన్నాను.

ఇంకో నాలుగు తొక్కులకి మళ్ళీ టక్ మంది. వదిన తొక్కడం ఆపేసి నా మోకాలి వైపు చూసింది. గొలుసు అన్న మాట ఇక ఇద్దరం ఎత్తలేదు. పడవని గెడతో వెనక్కి తోసుకొచ్చాం.

మాఘ శుద్ధ నవమి

డాక్టరమ్మ ఆసుపత్రి పడవతో లంకలన్నీ తిరిగి ఇవాళ మా రేవుకొచ్చింది. నన్ను పడుకోబెట్టి కాలి ఎముకల బొమ్మ తీసింది. బొమ్మలో తుంటి, మోకాలు, చీలమండ మూడూ గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి.

"చూడమ్మా, ఇంతకన్నా నిటారుగా ఎవురూ పెట్టలేరు" అంది. ఆమె మొహంలో సంతోషం చూశాక, చిప్ప జారుతోందన్న మాట నాకే అబద్ధంలా అనిపించింది. తొడ ముందు కండ బలం తగ్గి ఉంటుందని కసరత్తులు చెప్పింది. కాలు చాచి, బిగించి, ఎత్తి పట్టుకోవాలి. అలాగే చేస్తున్నాను. పక్కన కూచుని మా ఆయన కూడా చేస్తున్నాడు, తోడుగా. ఆయన కాళ్ళు మాత్రం బాగా బలపడ్డాయి.

ఫాల్గుణ శుద్ధ చవితి

కసరత్తులు మానలేదు. చిప్పా మానలేదు. చదునుగా ఉన్నచోట నడిస్తే ఏమీ లేదు. మెట్లు దిగాలన్నా, పీట మీంచి లేవాలన్నా, మోకాలు వంగిందంటే చాలు, చిప్ప పక్కదారి పడుతోంది. చిప్ప వెనకాల మంట. నిన్న రేవు మెట్టు మీంచి పడవలోకి కాలు పెడుతుంటే టక్ మంది, తూలి నీళ్ళలో పడ్డాను. దెబ్బలేం తగల్లేదు. వదిన చీర కొంగు విసిరి లాగింది. లాగుతూ, "స్నానం చేసే వేళ ఇదేనా" అని తిట్టింది.

ఇవాళ రేవు పెద్ద గవర్రాజు వచ్చాడు. మంచివాడే. కూచుని మంచినీళ్ళు తాగి, అసలు సంగతి చెప్పడానికి తటపటాయించాడు.

మాకు ఏడాదికి సరిపడా తీపి నీళ్ళు ఒక్కసారే దొరుకుతాయి. ఆషాఢంలో గోదారికి ఎర్రనీళ్ళు తగిలినప్పుడు ఉప్పునీరు వెనక్కి పోతుంది. ముందు పడవ ఒకటి ఎదురు వెళ్ళి, నీళ్ళు రుచి చూసి, జెండా ఎత్తితే ఊళ్ళో తూములు తెరిచి చెరువులు నింపుకుంటాం. తొందరపడి ఎత్తితే ఉప్పు వచ్చి పడుతుంది, ఆలస్యం చేస్తే మంచి నీరు సముద్రం పాలవుతుంది. ఆ ముందు పడవ మాది. నాదీ వదినదీ.

"ఈ ఏడు ఇంకోళ్ళకి ఇద్దారంటున్నారు. నీ కాలు ఇలా ఉంటే ఏం చేత్తామమ్మా మాణిక్యం" అన్నాడు గవర్రాజు.

వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇత్తే ఇచ్చుకోండి బావా. నేను మాత్రం ఇంకోళ్ళ పక్కన కూచుని తొక్కను. ఆవిడ కాలు బాగయ్యే దాకా నేనూ గట్టు మీదే కూచుంటా" అంది.

ఆ మాటకి ఏడుపొచ్చింది. వదిన వెంటనే, "నా మోకాలికీ విశ్రాంతి కావాలి లేవే" అని సర్దింది.

చైత్ర శుద్ధ దశమి

ఇవాళ జరిగింది వరసగా చెప్పాలి, ఇది బాగా రాసుకోవాలి.

డాక్టరమ్మ పొద్దున దిగింది. ఈసారి నన్ను పడుకోమనలేదు. ఎప్పుడెప్పుడు జారుతోందో అడిగింది. నడిచేటప్పుడు కాదు, వంగినప్పుడే అన్నాను. తొక్కేటప్పుడు మరీనని చెప్పాను.

"అయితే పండుకోబెట్టి చూస్తే ఏం కనపడతాది? తొక్కేటప్పుడే చూడల్ల" అంది.

బండి చక్రమంత కడియం ఒకటి దింపించింది. దానిలోంచి కాలు పోనిస్తే, లోపలి ఎముకలు కదులుతుండగానే కనిపిస్తాయి. మా పడవని గుంజలకి బిగించి కట్టారు, ఎంత తొక్కినా కదలకుండా. ఆ బొమ్మ చూపే పలక అరచేయంతే ఉంది. చుట్టూ మూగిన జనం ఒకరి భుజం మీంచి ఒకరు వంగి పడవని ముంచేలా ఉన్నారు.

గవర్రాజు అడిగాడు. "డాట్రమ్మా, ఆ బొమ్మ తెరచాప మీద పడేలా చేయొచ్చేంటండి?"

"అమ్మ ఒప్పుకుంటే చేయొచ్చు."

నేను ఒప్పుకున్నాను. నా మోకాలి కబురు వినని వాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. కళ్ళతో కూడా చూస్తే ఏం పోయింది?

పొద్దు వాలుతుంటే పక్క పడవ తెరచాప విప్పి కట్టారు. ముందు ఎడమ కాలు. చాప మీద నా మోకాలు ఇల్లంత ఎత్తున లేచింది. చిప్ప బెల్లం అచ్చు నలిగినట్టు గరుకుగా, అంచులు అరిగిపోయి ఉంది. కానీ తొక్కుతుంటే తొడ ఎముక ముందున్న గాడిలో సరిగ్గా నడుమనే పైకీ కిందికీ పోతోంది.

"ఇన్నేళ్ళు పక్కన కూచున్నా, నీ లోపలి అందం ఇప్పుడే చూత్తన్నా" అంది వదిన. రేవంతా నవ్వింది. నేను కూడా.

తర్వాత కుడి కాలు. కొత్త తొడుగు తెల్లగా మెరుస్తోంది. గాడి అద్దంలా ఉంది. మోకాలు వంగేకొద్దీ చిప్ప ఆ గాడి నడుమ నిలవకుండా బయటి గట్టు ఎక్కుతోంది. ఎక్కి, అంచు మీద ఒక్క క్షణం ఆగి, టక్ మని పడుతోంది. పడినప్పుడల్లా జనం ఒక్క గొంతుతో "అబ్బా" అన్నారు. చిప్ప పక్కకి జరిగితే వాళ్ళూ ఆ పక్కకి ఒరుగుతున్నారు. మా ఆయన మాత్రం చాప వైపు చూడ్డం లేదు, నా మొహమే చూస్తున్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. కడియాన్ని తిప్పి, తొడ వైపు నుంచి కిందికి చూస్తున్నట్టు బొమ్మ పెట్టింది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టింది. అప్పుడు నాకు కూడా తెలిసింది. ఎడమ గాడి సూటిగా ముందుకు చూస్తోంది. కుడిది కొంచెం లోపలికి తిరిగి ఉంది.

ఆమె వచ్చి నా పక్కన, వదిన పీట మీద కూచుంది.

"మాణిక్యమ్మా, ముందునుంచి చూసి నిటారుగా ఉండాదని చెప్పినా. అది నిజమే. అయితే మెలిక ముందునుంచి కనపడదు. తొడుగు లోపలికి తిరిగింది. గాడి ఒక పక్కకి చూస్తాంటే, చిప్ప దాని పాత దారి వదల్లేక గట్టెక్కతాండాది. ఇంకొకటి. నీది పుట్టుకతోనే వంపు కాలు. దాన్ని కర్ర మాదిరి చేసేసరికి, చిప్పను లాగే కండ దారి కూడా మారింది. మరచేతికి అందరి కాళ్ళూ ఒకే గీత. ఆ గీతను నేనూ నమ్మినా."

"ఇప్పుడేం చేయాలమ్మా?"

"తొడుగు తీసి మళ్ళీ తిప్పి పెట్టల్ల. రెండోసారి కాబట్టి కష్టం ఎక్కువ, వాపు తగ్గేదానికి టైం పడతాది. ఎర్రనీళ్ళ నాటికి సిద్ధమైతావని మాట ఇయ్యలేను. కానీ ఈసారి నీ కాలు నీ కాలు మాదిరే పెడతా. నీ ఎడమ కాలే నాకు కొలత."

మళ్ళీ కోత అనేసరికి మా ఆయన ఏమంటాడా అని చూశాను.

"నీ ఇట్టం మాణిక్యం" అన్నాడు. "ఏదైనా నేనున్నాగా."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. ముందు పడవ సంగతి ఆషాఢం దాకా ఎవరూ ఎత్తరని అందరూ వినేలా చెప్పాడు.

వైశాఖ శుద్ధ షష్ఠి

అయింది. నడుం కింద మొద్దుబారేలా మందిచ్చారు గానీ మెలకువగానే ఉన్నాను. అడ్డంగా కట్టిన గుడ్డ అవతల ఏం జరుగుతోందో కనిపించదు, మాటలు మాత్రం వినిపిస్తాయి. మరచేతికి దాని సొంత గీత వాడొద్దని చెప్పి, ఎడమ కాలి బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి ఇచ్చింది డాక్టరమ్మ. తొడుగు పెట్టించింది. మోకాలు వంచింది, చాచింది. "ఇంకా రవ్వంత బయటికి తిప్పు" అంది. మళ్ళీ వంచింది. కింది పళ్ళేన్ని కూడా కాస్త సర్దించింది. ఎన్నిసార్లు వంచిందో లెక్క లేదు. నా కాలుని ఎవరో ఓపిగ్గా బుజ్జగిస్తున్నట్టు అనిపించింది.

చివరికి ఆమె గొంతు గుడ్డ మీదుగా వచ్చింది.

"అమ్మా, నేను వేలు కూడా పెట్టలేదు. చిప్ప దానంతటదే నడుమన పోతాండాది."

జ్యేష్ఠ బహుళ పాడ్యమి

వాపు చాలా కాలం ఉంది. రెండోసారి కోత మొదటిదానికంటే ఏడిపించింది, అది కూడా రాసుకోవాలి. కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన చేసిన చారన్నం కూడా సయించలేదు.

కానీ నిన్న పీట మీంచి లేచాను. లేచాక గుర్తొచ్చింది, ఏ చప్పుడూ రాలేదని. మళ్ళీ కూచున్నాను, లేచాను. మా ఆయన లోపల్నించి వచ్చి, "ఏంటే ఆ గుంజీలు" అన్నాడు.

ఇవాళ పడవెక్కాను. కాలవ మలుపులో ఎదురుగాలి వచ్చింది. నేనూ వదినా ఒక్క మాట మాట్లాడకుండా, ఊపిరి బిగబట్టి తొక్కాం. గొలుసు చప్పుడు, నీళ్ళ చప్పుడు. అంతే. మలుపు దాటాక వదిన పాట ఎత్తుకుంది. ఆవిడ గొంతు బాగుండదు. ఇవాళ నాకు చాలా బాగుంది.

కాలు కూడా మునుపటిలా కాస్త వంపుగానే ఉంది. మా నాన్న కాలులా. నిటారు కాలుని మెచ్చుకున్న వాళ్ళంతా ఇప్పుడు దీన్ని మెచ్చుకుంటున్నారు.

ఆషాఢ బహుళ అష్టమి

ఎర్రనీళ్ళు వచ్చాయి. మేమే ఎదురు వెళ్ళాం.

పొద్దున గాలిలో మట్టి వాసన తగలగానే గవర్రాజు శంఖం ఊదించాడు. వెనక పడవలన్నీ రేవులో బారుగా నిలబడ్డాయి. మేం ఏటి నోటి దాకా వెళ్ళేసరికి ఎదురుగా గీసినట్టు ఒక నురగ చార. ఇటు పక్క ఉప్పునీరు పచ్చగా, అటు పక్క నీరు ఇటుక రంగులో. చెత్తా చెదారం, గుర్రపుడెక్క, ఎవరిదో విరిగిన గంప కొట్టుకొస్తున్నాయి. ఆ చార దాటి, ఎర్రనీటిలో పడవని నిలిపి ఉంచాలి. రుచి చూడాలి, మళ్ళీ చూడాలి, ఉప్పు పూర్తిగా పోయేదాకా. ఒరవడి పడవని వెనక్కి నెడుతుంటే, నిలిపి ఉంచడమంటే ఆగకుండా తొక్కడమే.

వదిన మొదటి దోసిలి తీసి పుక్కిలించి ఊసేసింది. "ఇంకా ఉంది" అంది.

తొక్కాం. రెండో దోసిలి. "కొంచెం."

అప్పుడు ఆవిడ పక్కనుంచి తొక్కు ఆగిపోయింది. చూస్తే ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకుని పళ్ళు బిగించుకుంది. కాలు మధ్యలో బిగుసుకుపోయింది. పడవ ముక్కు పక్కకి తిరగడం మొదలైంది. చార మళ్ళీ మా దగ్గరికి వస్తోంది.

"కాలు తీసి పైన పెట్టుకో వదినా" అన్నాను.

"నువ్వొక్కదానివి ఎలాగే. ఆ కాలుతో."

"తీసి పెట్టుకో. నువ్వు నీళ్ళు చూడు."

ఇద్దరి బరువూ, ఏటి బరువూ నా కాళ్ళ మీద పడ్డాయి. కుడి కాలు పూర్తిగా మడిచి, పూర్తిగా చాచి నొక్కాను. మొదటి నాలుగు తొక్కులూ ఆ టక్ కోసం చెవి పెట్టుకునే ఉన్నాను. రాలేదు. తర్వాత వినడం మానేశాను. తొడలు మండాయి, ఊపిరి ఎగసింది. ఆ మంట నాకు బాగా తెలిసిన మంటే, పని చేసిన కాళ్ళకి వచ్చేది. పడవ ముక్కు మెల్లగా ఎదురుకి తిరిగింది. నిలబడింది.

వదిన వంగి దోసిలి పట్టింది. ఈసారి ఊయలేదు. గుటక వేసింది. ఇంకో దోసిలి తీసి నా నోటికి పట్టింది. బురద, ఆకులు, ఎక్కడెక్కడి కొండల మట్టి వాసనో. ఉప్పు లేదు.

వదిన జెండా ఎత్తింది. దూరంగా ఊళ్ళో కేకలు వినిపించాయి, తూములు లేస్తున్న చప్పుడు కూడా. తిరుగు దారిలో ఏరే మమ్మల్ని మోసుకొచ్చింది, నేను కాళ్ళు చాచుకుని కూచున్నాను. రేవులో మా ఆయన నడుం లోతు నీళ్ళలోకి దిగి నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ కూడా వచ్చింది, చీర తడిసినా చూసుకోలేదు. ఆమెకి ఒక చెంబుడు ఎర్రనీళ్ళు ఇస్తే, పక్కవాళ్ళని చూసి తనూ కళ్ళకద్దుకుని తాగింది.

"మా కడపలో ఈ నీళ్ళకు కొట్టుకు చస్తాం అమ్మా" అంది.

భాద్రపద శుద్ధ విదియ

ఇవాళ వదినకి ఎడమ మోకాలు చేశారు.

ఏటిలో కాలు బిగుసుకున్న సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. చవితి పత్రి కోసం పడవ తియ్యాలని నేనంటే, "ఆ లోగా నా పని చూసుకుంటా" అని తనే ఆసుపత్రి పడవెక్కింది. లోపలికి తీసుకెళ్ళే ముందు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"డాట్రమ్మా, మా ఆడపడుచు కాలు బాగా కుదిరిందని నాకూ అలాగే పెట్టేరు సుమా. వాళ్ళ వంశానివి దొడ్డికాళ్ళండి. మావి కావు. నాది నాలాగే పెట్టండి."

"అందుకే గదమ్మా నిన్ననే నీ రెండు కాళ్ళూ తొక్కించి చూసినా. పైనుంచి కూడా."

"చాప మీద వేశారా?"

"లేదమ్మా."

"వెయ్యాల్సింది" అంది వదిన, కొంచెం నిష్టూరంగా.

సాయంత్రం నేను వెళ్ళేసరికి కాలికి కట్టుతో పడుకుని ఉంది. మొద్దుబార్చిన మందు వదులుతోంది, నొప్పి మొదలవుతోంది. డాక్టరమ్మ మెల్లగా మోకాలు కాస్త వంచి, చాచి చూపించింది. వదిన తన అరచెయ్యి కట్టు మీద పెట్టుకుంది. మళ్ళీ వంచమని సైగ చేసింది. నా చెయ్యి అందుకుని అక్కడే పెట్టింది. మా ఇద్దరి చేతుల కింద ఆవిడ చిప్ప పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. మధ్యలో ఎక్కడా తడబడలేదు.

వదిన ఏదో ఒకటి అంటుందని చూశాను. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి మాట దొరక్కపోవడం నేను చూడలేదు. కళ్ళు మూసుకుని, నా చెయ్యి వదలకుండా నవ్వుతోంది.